ప్రాజెక్టు నిర్వహణ సాఫ్ట్‌వేరులో ప్రక్రియా పటములు

ప్రక్రియా పటము అనగా ఒక పని మొదటి నుండి తుది వరకు ఏయే అంచెల మీదుగా, ఎవరెవరి చేతుల మీదుగా సాగుతుందో పెట్టెలతోను, బాణపు గుర్తులతోను చూపే చిత్రము. ఇటువంటి పటములను కాగితముపై గీసే అలవాటు ఇరవయ్యవ శతాబ్ది ఆరంభము నుండి ఉన్నది. పనుల జాబితా, తేదీలు, బాధ్యుల పేర్లు భద్రపరచే ప్రాజెక్టు నిర్వహణ సాఫ్ట్‌వేరులోనే ఈ పటమును అంతర్భాగముగా చేసినపుడు, చిత్రములో చేసిన మార్పు తేదీలలోను, తేదీలలో చేసిన మార్పు చిత్రములోను వెంటనే కనబడుతుంది. పటము కేవలము అలంకారముగా గోడపై వేలాడుతున్నదా, లేక పనిని నడిపిస్తున్నదా అన్నది ఈ అనుసంధానముపైనే ఆధారపడి ఉంటుంది.

ప్రాజెక్టు, ప్రక్రియ: భేదము

ప్రాజెక్టు అనేది ఒక్కసారి జరిగే పని. దానికి ఆరంభము, అంతము ఉంటాయి. ఒక వంతెన కట్టుట, ఒక గ్రంథమును ప్రచురించుట ఇందుకు ఉదాహరణలు. ప్రక్రియ అనేది మరల మరల జరిగే పని. ఒక ప్రచురణ సంస్థలో ప్రతి గ్రంథము పరిష్కరణ, అక్షరకూర్పు, ప్రూఫులు దిద్దుట, ముద్రణ అనే అంచెలను దాటుట ప్రక్రియ. ఒక్కొక్క గ్రంథము ఒక్కొక్క ప్రాజెక్టు కాగా, గ్రంథములన్నీ నడిచే బాట ప్రక్రియ.

ఈ భేదము వలననే పటములు రెండు తెగలుగా పెరిగినవి. ప్రాజెక్టు పటములలో కాలము ప్రధానము. ఏ పని ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగుస్తుందో అవి చెబుతాయి. ప్రక్రియా పటములలో మార్గము ప్రధానము. ఏ పని తరువాత ఏ పని వస్తుందో, ఎక్కడ దారి చీలుతుందో, ఎక్కడ వెనుకకు మరలవలసి వస్తుందో అవి చూపుతాయి. ఈ రెంటిని ఒకే సాఫ్ట్‌వేరులో ఇముడ్చుటలోనే అసలు క్లిష్టత ఉన్నది.

చరిత్ర

కాగితముపై పటములు

పోలెండు దేశపు ఇంజనీరు కరోల్ ఆడమియెట్స్కీ 1896లో పనుల పరస్పర సంబంధమును, కాలమును కలిపి చూపే ఒక పట్టికను రూపొందించినాడు. అమెరికా దేశస్థుడైన హెన్రీ గాంట్ (1861 - 1919) 1910వ దశకములో ప్రచారములోనికి తెచ్చిన అడ్డగీతల పట్టిక నేటికీ గాంట్ చార్టు పేరుతో వాడుకలో ఉన్నది. ఇందులో ప్రతి పనికి ఒక అడ్డపట్టీ ఉంటుంది. పట్టీ పొడవు ఆ పనికి పట్టే కాలమును తెలుపుతుంది.

ప్రక్రియను పటముగా గీయు పద్ధతిని ఫ్రాంక్ గిల్‌బ్రెత్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు 1921లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘమునకు సమర్పించినారు. అదే సంఘము 1947లో ఈ పటములకు ప్రామాణికమైన గుర్తులను నిర్ణయించినది. వీనిలో వృత్తము పనిని, బాణము రవాణాను, చతురస్రము తనిఖీని, త్రిభుజము నిల్వను, ఆంగ్ల అక్షరమైన డి ఆకారము నిరీక్షణను సూచిస్తాయి. పని జరుగని సమయమునకు కూడా ఒక గుర్తును కేటాయించుట ఈ పద్ధతిలోని విశేషము. వేచియుండు కాలము లెక్కలోనికి వస్తేనే జాప్యమునకు కారణము తెలుస్తుంది.

కంప్యూటరు ప్రవేశము

డుపాంట్ రసాయన సంస్థకు చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ ర్యాండ్ సంస్థకు చెందిన జేమ్స్ కెల్లీ 1957 ప్రాంతములో కీలక మార్గ పద్ధతిని రూపొందించినారు. అమెరికా నౌకాదళము పొలారిస్ క్షిపణి పథకము కొరకు 1958లో పెర్ట్ అనే పద్ధతిని ప్రవేశపెట్టినది. ఈ రెండు పద్ధతులలోను పనులను బాణపు గుర్తులుగా గీసేవారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జాన్ ఫాండాల్ 1961లో పనులను పెట్టెలలో ఉంచి, వాటి సంబంధములను మాత్రమే బాణములుగా చూపే పద్ధతిని ప్రతిపాదించినాడు. నేటి సాఫ్ట్‌వేరులు చాలావరకు ఈ పద్ధతినే అనుసరిస్తున్నవి.

ఆ కాలములో కంప్యూటరు లెక్క మాత్రమే చేసేది. పటమును మనుషులు గీసేవారు. 1984లో యాపిల్ మాకింతోష్ కంప్యూటరుకు వెలువడిన మాక్‌ప్రాజెక్టులో మౌసుతో పెట్టెలు గీసి, వానిని గీతలతో కలిపితే తేదీలను యంత్రమే లెక్కించేది. అదే సంవత్సరములో మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టు డాస్ కొరకు, 1990లో విండోస్ కొరకు వెలువడినది. చిత్రలేఖనమునకు ప్రత్యేకించిన విజియో 1992లో వచ్చినది. మైక్రోసాఫ్ట్ దానిని 2000లో స్వంతము చేసుకొన్నది. ఆ విధముగా చాలా కార్యాలయములలో తేదీలు ఒక సాఫ్ట్‌వేరులోను, ప్రక్రియా పటములు మరొక సాఫ్ట్‌వేరులోను ఉండిపోయినవి. ఒకటి మారితే రెండవదానిని చేతితో సవరించవలసి వచ్చేది; సవరణ మరచినచోట రెండును పరస్పర విరుద్ధమైన సంగతులు చెప్పేవి.

ప్రక్రియా పటములకు ఉమ్మడి సంకేత భాషగా బీపీఎంఎన్ తొలి కూర్పు 2004లో వెలువడినది. దాని రెండవ కూర్పును ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ 2011లో ప్రకటించగా, అది 2013లో అంతర్జాతీయ ప్రమాణముగా స్వీకరింపబడినది. 2011లో వెలువడిన ట్రెల్లో వంటి సాఫ్ట్‌వేరులు చీటీల పలక రూపమును సామాన్య వినియోగదారులకు కూడా చేరువ చేసినవి. ట్రెల్లోను 2017లో అట్లాసియన్ సంస్థ కొనుగోలు చేసినది.

ప్రధాన రకములు

* అడ్డపట్టీల పట్టిక: గాంట్ చార్టు. కాలమును చూపుటకు అనువైనది. సంబంధములు ఎక్కువైనపుడు గీతలు చిక్కుపడతాయి.
* పనుల నెట్‌వర్కు: పెట్టెలు, బాణములు. ఏ పని దేనిపై ఆధారపడినదో స్పష్టముగా చూపుతుంది.
* వరుసల పటము: ఒక్కొక్క విభాగమునకు లేదా వ్యక్తికి ఒక్కొక్క వరుస. ఈతకొలనులోని వరుసలను పోలి ఉండుటచే స్విమ్‌లేన్ పటమని పేరు వచ్చినది. పని ఒక వరుస నుండి మరొక వరుసకు దాటే చోటులలోనే జాప్యము ఎక్కువగా జరుగుతుంది కనుక ఈ పటము నిర్వాహకులకు ఉపయుక్తము.
* చీటీల పలక: కాన్‌బాన్ పలక. అంచెలు నిలువు గడులుగాను, పనులు చీటీలుగాను ఉంటాయి. జపానులోని టొయోటా కర్మాగారములలో తైచి ఓనో అభివృద్ధి చేసిన పద్ధతి దీనికి మూలము.
* బీపీఎంఎన్ పటము: వృత్తములు సంఘటనలను, గుండ్రని మూలల పెట్టెలు పనులను, వజ్రాకారములు దారి చీలే చోటులను సూచిస్తాయి.

సాఫ్ట్‌వేరులో ఇమిడే విధానము

ఒకే సమాచారము, అనేక రూపములు

మంచి నిర్మాణములో పటము స్వతంత్రమైన బొమ్మ కాదు. డేటాబేసులో రెండు ముఖ్యమైన పట్టికలు ఉంటాయి. మొదటి పట్టికలో పనులు, వాటి కాలపరిమితి, బాధ్యులు ఉంటారు. రెండవ పట్టికలో ఏ పని తరువాత ఏ పని అనే సంబంధములు ఉంటాయి. గాంట్ చార్టు, నెట్‌వర్కు, చీటీల పలక ఈ రెండు పట్టికలనే వేరువేరు రూపములలో చూపుతాయి. వినియోగదారుడు పటములో ఒక బాణమును చెరిపితే రెండవ పట్టికలోని ఒక వరుస తొలగుతుంది. ఆపై తేదీలన్నీ మరల లెక్కింపబడతాయి.

పెట్టె తెరపై ఎక్కడ ఉన్నదన్న సంగతిని పని యొక్క వివరములతో కలపకుండా విడిగా భద్రపరచుట ఉత్తమము. లేనిచో పెట్టెను అందము కొరకు పక్కకు జరిపినంత మాత్రమున పనియే మారినట్లు నమోదయ్యే ప్రమాదము ఉన్నది. బీపీఎంఎన్ రెండవ కూర్పులో కూడా అర్థమునకు, ఆకారమునకు వేరువేరు భాగములు కేటాయించబడినవి.

వరుసక్రమము

తేదీలు లెక్కించుటకు ముందు పనులను ఒక వరుసలో పేర్చవలెను. ఏ పనియు తన పూర్వ పనికి ముందు రాకూడదు. దీనికి 1962లో ఆర్థర్ కాన్ ప్రచురించిన పద్ధతి ప్రసిద్ధము. పూర్వ పనులు లేని పనిని ఎన్నుకొని, దానిని వరుసలో చేర్చి, దాని నుండి బయలుదేరే బాణములను తొలగించి, మరల అదే విధముగా కొనసాగించుట దీని సారాంశము. 30,000 పనులు గల పెర్ట్ నెట్‌వర్కును నాటి ఐబీఎం 7090 యంత్రముపై గంటలోపు క్రమములో పెట్టవచ్చునని ఆయన ఆ వ్యాసములో తెలిపినాడు. కొన్ని పనులు మిగిలియుండగానే ఎన్నుకొనుటకు ఏ పనియు దొరకనిచో, బాణములు ఎక్కడో గుండ్రముగా తిరిగి మొదటికి వచ్చినవని అర్థము. సాఫ్ట్‌వేరు అటువంటి బాణమును గీయుచుండగానే గుర్తించి, వినియోగదారునికి తెలియజేయవలెను.

పెట్టెలను అమర్చుట

వందలాది పెట్టెలను చేతితో అమర్చుట కష్టము. సుగియామా, తగావా, తోదా అనే ముగ్గురు జపాను పరిశోధకులు 1981లో ప్రచురించిన పద్ధతిలో పెట్టెలను మొదట అంతస్తులుగా విభజిస్తారు. తరువాత బాణములు ఒకదానినొకటి ఖండించుకొనుట తగ్గేటట్లు ప్రతి అంతస్తులోని పెట్టెల క్రమమును మారుస్తారు. ఖండనలను అత్యల్పము చేయుట గణితపరముగా చాలా కఠినమైన సమస్య కనుక, సాఫ్ట్‌వేరులు ఉజ్జాయింపు పద్ధతులతో సరిపెట్టుకొంటాయి.

ఒక ఉదాహరణ

ఒక గ్రంథ ప్రచురణకు ఈ క్రింది పనులు ఉన్నవనుకొందము.

* క. వ్రాతప్రతి పరిష్కరణ: 10 రోజులు
* ఖ. ముఖచిత్రమునకు బొమ్మ గీయించుట: 8 రోజులు
* గ. అక్షరకూర్పు (క తరువాత): 6 రోజులు
* ఘ. ప్రూఫులు దిద్దుట (గ తరువాత): 5 రోజులు
* చ. అట్ట రూపకల్పన (ఖ తరువాత): 4 రోజులు
* ఛ. ముద్రణ (ఘ, చ రెండును ముగిసిన తరువాత): 7 రోజులు
* జ. బైండింగు (ఛ తరువాత): 3 రోజులు

ఇందులో రెండు మార్గములు ఉన్నవి. క, గ, ఘ, ఛ, జ మార్గము పొడవు 31 రోజులు. ఖ, చ, ఛ, జ మార్గము పొడవు 22 రోజులు. పొడవైన మార్గమే కీలక మార్గము; గ్రంథము 31 రోజులకు ముందు వెలువడదు. బొమ్మ, అట్ట పనులకు కలిపి 9 రోజుల వెసులుబాటు ఉన్నది. చిత్రకారుడు 6 రోజులు ఆలస్యము చేసినను గ్రంథము ఆలస్యము కాదు. ప్రూఫులు దిద్దువారు 2 రోజులు ఆలస్యము చేసినచో గ్రంథము 33 రోజులకు గాని రాదు. జాబితాలో ఏడు పనులు ఒకే తీరుగా కనబడతాయి. పటములో కీలక మార్గమును వేరు రంగులో చూపినపుడు ఏ ఆలస్యమును గూర్చి చింతించవలెనో, దేనిని ఉపేక్షించవచ్చునో తెలుస్తుంది.

వెనుకకు మరలే పనులు

పై లెక్కలో ప్రూఫులు ఒక్కసారి దిద్దితే చాలునని భావింపబడినది. నిజమునకు తప్పులు ఎక్కువగా ఉన్నచో ప్రతి మరల అక్షరకూర్పునకు వెళుతుంది. సవరణకు 2 రోజులు, మరల దిద్దుటకు 3 రోజులు పట్టినచో మొత్తము 36 రోజులు అవుతుంది. ప్రక్రియా పటములో ఈ మలుపును ఒక వజ్రాకారముతోను, వెనుకకు పోయే ఒక బాణముతోను తేలికగా చూపవచ్చును. కాని తేదీలను లెక్కించే పనుల నెట్‌వర్కులో వెనుకకు పోయే బాణము నిషిద్ధము. ప్రక్రియలో సహజమైనది ప్రాజెక్టులో దోషముగా పరిగణింపబడుతుంది.

దీనికి సాఫ్ట్‌వేరులలో మూడు పరిష్కారములు కనబడుతున్నవి. మొదటిది, ప్రక్రియా పటమును మూసగా ఉంచి, ప్రతి గ్రంథమునకు ఆ మూస నుండి వేరుగా ఒక ప్రాజెక్టును తయారుచేయుట. ప్రతి తిరిగి వచ్చినపుడు "రెండవ ప్రూఫు" అనే క్రొత్త పని చేరుతుంది. బాణములన్నీ ముందుకే పోతాయి. రెండవది, పనికి ఒకే అంకె కాక మూడు అంచనాలు ఇచ్చుట. పెర్ట్ పద్ధతి ప్రకారము ప్రూఫులకు తక్కువలో తక్కువ 3, సాధారణముగా 5, ఎక్కువలో ఎక్కువ 13 రోజులు అనుకొన్నచో, సాధారణ అంచనాను 4 రెట్లు చేసి, మిగిలిన రెంటిని కలిపి, 6 చేత భాగించగా 6 రోజులు వస్తుంది. మూడవది, మలుపులకు సంభావ్యతను ఆపాదించుట. 1966లో అలన్ ప్రిట్స్కర్ ప్రతిపాదించిన గెర్ట్ పద్ధతి ఈ కోవకు చెందినది. ఏ పరిష్కారమును చేపట్టినను, వెనుకకు మరలే బాట ఉన్నదని పటము దాచకుండుట ముఖ్యము. దాచిన మలుపు తేదీలలో లోటుగా బయటపడుతుంది. ఆ లోటునకు చివరి అంచెలో ఉన్నవారు నింద మోస్తారు.

చేతిలో ఉన్న పనుల పరిమితి

చీటీల పలకలో ప్రతి గడికి ఒక గరిష్ఠ సంఖ్యను నిర్ణయించుట కాన్‌బాన్ పద్ధతిలోని ముఖ్య నియమము. గడి నిండినచో క్రొత్త పనిని స్వీకరింపరాదు. దీనికి గణిత ఆధారము జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రము. స్థిరముగా నడిచే వ్యవస్థలో సగటున చేతిలో ఉన్న పనుల సంఖ్య, పనులు వచ్చే వేగమునకు, ఒక్కొక్క పని లోపల గడిపే సగటు కాలమునకు గల లబ్ధమునకు సమానము.

నెలకు 4 గ్రంథములు వెలువరించే సంస్థలో 12 గ్రంథములు ఒకేసారి నడుచుచున్నచో ఒక్కొక్క గ్రంథమునకు సగటున 3 నెలలు పడుతుంది. వెలువడే వేగము తగ్గకుండా చేతిలో ఉన్న గ్రంథములను 8కి తగ్గించినచో అది 2 నెలలకు దిగుతుంది. ఎవరును అదనముగా శ్రమింపనవసరము లేదు. ఏ గడిలో చీటీలు పేరుకొనినవో పలక చూపినపుడు, క్రొత్త పని మొదలుపెట్టుటకు బదులు పాత పని ముగించుటకు సిబ్బంది మొగ్గుచూపుతారు.

జరిగిన పని నుండి పటము

మనుషులు గీసిన పటము సాధారణముగా పని ఎట్లు జరుగవలెనో చెబుతుంది; ఎట్లు జరిగినదో సాఫ్ట్‌వేరులోని నమోదులు చెబుతాయి. ప్రతి మార్పునకు పని సంఖ్య, మార్పు పేరు, సమయము అనే మూడు వివరములు ఉన్నచో, వాటి నుండి యంత్రమే పటమును గీయగలదు. దీనిని ప్రాసెస్ మైనింగ్ అంటారు. నెదర్లాండ్సుకు చెందిన ఆచార్యుడు విల్ వాన్ డెర్ ఆల్స్ట్ ఈ శాస్త్రమునకు మార్గదర్శకుడు. నమోదుల మార్పిడికి ఎక్సెస్ అనే ప్రమాణమును ఐఈఈఈ సంస్థ 2016లో ఆమోదించినది.

గీసిన పటమును, నమోదుల నుండి వచ్చిన పటమును పక్కపక్కన ఉంచినపుడు రెంటికి గల అంతరము బయటపడుతుంది. ఆ అంతరము ఎల్లప్పుడు ఉద్యోగుల తప్పు కాదు. పటములో లేని అడ్డదారిని సిబ్బంది అనుసరించుటకు పటమే అసంబద్ధముగా ఉండుట కూడా కారణము కావచ్చును.

తెలుగు లిపికి సంబంధించిన అంశములు

పటములోని పెట్టెలలో తెలుగు వ్రాయునపుడు కొన్ని ప్రత్యేక జాగ్రత్తలు అవసరము. యూనికోడులో "స్త్రీ" అనే ఒక్క అక్షరము ఆరు సంకేతములతో ఏర్పడుతుంది. సంకేతములను లెక్కపెట్టి పెట్టె వెడల్పును నిర్ణయించే సాఫ్ట్‌వేరులో తెలుగు పేర్లకు పెట్టెలు అనవసరముగా పెద్దవి అవుతాయి. నిర్ణీత సంఖ్య వద్ద పేరును త్రుంచినచో అక్షరము మధ్యలో విరిగి విడి హల్లు మిగులుతుంది. అక్షరము క్రింద వచ్చే వత్తులకు, పైన వచ్చే గుణింతపు గుర్తులకు తగినంత ఎత్తు లేనిచో పై పంక్తి, క్రింది పంక్తి కలిసిపోతాయి. కనుక తెరపై చిత్రింపబడిన వ్రాత యొక్క నిజమైన కొలతను తీసుకొని పెట్టెను అమర్చుట సరియైన పద్ధతి.

పరిమితులు

* పెట్టెల సంఖ్య పెరిగినకొద్దీ పటము అర్థము కాకుండా పోతుంది. ఉపప్రక్రియలను ఒకే పెట్టెగా మడిచి, అవసరమైనపుడు విప్పి చూపే సౌకర్యము ఉండవలెను.
* రంగులపై మాత్రమే ఆధారపడరాదు. ఐరోపా సంతతి పురుషులలో సుమారు 8 శాతము మందికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల భేదము సరిగా తెలియదు. రంగుతోపాటు ఆకారమో, మాటయో ఉండవలెను. చూపులేని వారి కొరకు పటములోని సంబంధములను జాబితాగా చదివి వినిపించే ఏర్పాటు అవసరము.
* వేచియుండు కాలమును పని కాలమును వేరు చేయని పటము అన్యాయమునకు దారితీస్తుంది. ఒక చీటీ ప్రూఫుల గడిలో 5 రోజులు ఉన్నదనుకొందము. అందులో దిద్దిన కాలము 1 రోజు, మూలప్రతి కొరకు ఎదురుచూచిన కాలము 4 రోజులు కావచ్చును. పటము 5 అంకెను మాత్రమే చూపినచో దోషము దిద్దినవారిపై పడుతుంది.
* పటమును ఎవరు మార్చవచ్చునో నిర్ణయింపనిచో అది త్వరలో పాతబడుతుంది. పని చేసేవారికే సవరించే హక్కు ఉండి, పాత కూర్పులు భద్రముగా ఉన్నపుడు పటము వాస్తవమునకు దగ్గరగా నిలుస్తుంది.
* చక్కగా గీసిన పటము అంచనాలకు లేని ఖచ్చితత్వమును ఆపాదిస్తుంది. పెట్టెలోని అంకె ఊహ అయినను, అచ్చువేసినట్లు కనబడుటచే నిశ్చయమని చదువరి భ్రమపడతాడు.

ఇవి కూడా చూడండి

* గాంట్ చార్టు
* పెర్ట్
* కీలక మార్గ పద్ధతి
* కాన్‌బాన్
* బీపీఎంఎన్
* యూనికోడు